దవడలో కిటికీ

"యాడ పెట్టినావే బిరడాని?"

జ్ఞానకుమారి అరుపుకి పక్కింటి ఓబమ్మ చేతిలో చీపురుతో సహా పరుగెత్తుకొచ్చింది. ఇంటి మధ్యలో పెద్దకోడలు లోయిస్ కొయ్యబారి నిలబడి ఉంది. కుడిచేతిలో సూది లేని సిరంజి, ఎడమచేతిలో స్టీలు గిన్నె. గిన్నెలో ఉప్పునీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో ఉండాల్సిన బిరడా లేదు.

"ఈడనే పెట్టినా అత్తా. పళ్ళెం మూసి పెట్టినా. పెరట్లో పొయ్యి మీద వేణ్ణీళ్ళు దించుకోని వచ్చేలోపల..."

"వచ్చేలోపల రెక్కలొచ్చి ఎగిరిపాయనా?"

ఎదురుగా పీట మీద చిన్నకోడలు గ్లోరియా నోరు తెరుచుకునే కూర్చుంది. మూస్తే ఏమవుతుందోనని భయం. ఆమె కుడివైపు కింది దవడలో, చివరి పన్ను వెనక, చిక్కుడు గింజ పట్టేంత రంధ్రం ఉంది. దాన్ని మూసుకుపోకుండా కాపాడే గులాబిరంగు బిరడా మాయం కావడం ఇది మూడోసారి.

మొదటిసారి నిద్రలో మింగేసిందనుకున్నారు. రెండోసారి మోరీలో కొట్టుకుపోయిందనుకున్నారు. దాంతో బళ్ళారి డాక్టరమ్మ మూడోదాన్ని పంటికి గట్టిగా పట్టుకునేలా తీగ కొక్కెంతో చేసిచ్చింది. "ఇది దానంతట అది ఊడిరాదు. ఇదీ పోయి రంధ్రం మూసుకుపోతే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. అప్పుడు సగం దవడ కోసెయ్యడం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు" అని చెప్పి మరీ పంపింది.

గోడవైపు తిరిగి పడుకున్న యేసుబాబు దిగ్గున లేచాడు. గ్లోరియా మొగుడు. రాత్రంతా ఖనిజం యార్డులో లారీలకు టార్పాలిన్లు కట్టి, తెల్లవారాక వచ్చి ఒరిగాడు.

"ఏందమ్మా? మళ్ళీ పాయనా?"

జవాబు కోసం ఆగలేదు. చాపలు దులిపాడు. ట్రంకుపెట్టె జరిపాడు. పెరట్లోకి దూకి మోరీలో మోచేతిదాకా చేతులు పెట్టి బురదంతా పిసికాడు. చూస్తున్న ఓబమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇట్లాంటి మొగుడు యాడ దొరుకుతాడమ్మా! పెండ్లాం మొగం అట్లయిపోయినా ఇడిసిపెట్టకుండా మోరీలో చెయ్యి పెట్నాడు సూడు."

"నీ కోడి పొద్దన్నించి ఈడనే తిరగతా ఉండె ఓబక్కా" అన్నాడు యేసుబాబు బురద చేతులతో లేచి. "అది మింగిందేమో. కోసి చూస్తాం."

"నా కోడి మీద చెయ్యేస్తే మీ సిలువ మీద ఒట్టప్పా, నీ చెయ్యి కోస్తా. అది గింజలు తినే కోడి. పిలాస్టిక్ తినాల్సిన కర్మ దానికేంది?"

ఇంకోరోజైతే అందరూ నవ్వేవాళ్ళు. జ్ఞానకుమారి కళ్ళు మాత్రం లోయిస్‌ని వదల్లేదు. ఆమె చేతులకి పిండి అంటుకుని ఉంది. రేపు సంస్కారపు ఆదివారం. ప్రభు బల్ల మీద పెట్టే రొట్టెను చాలా ఏళ్ళుగా ఆమే చేస్తుంది. తెల్లవారకముందు నుంచీ ఆ పనిలోనే ఉంది.

"నోట్లోంచి తీసింది నువ్వు. గిన్నెలో ఏసింది నువ్వు. పళ్ళెం మూసింది నువ్వు. ఇంగ నేను ఎవర్ని అడగల్ల?"

లోయిస్ తలవంచి గిన్నెలోకి చూసింది. నీళ్ళ అడుగున చిటికెడు ఎర్రటి మడ్డి. చూసింది కానీ పట్టించుకోలేదు. తారానగర్‌లో ఎర్రబడనిది ఏముంది? కొండలు తవ్వి లారీలకెత్తడం మొదలైనప్పటి నుంచి ఆకులెరుపు, ఆరేసిన బట్టలెరుపు, తుమ్మితే చీమిడి ఎరుపు.

గిన్నెని అలాగే అలమరలో పెట్టి, "బస్సుకి పోదాం పా" అంది గ్లోరియాతో.

లోయిస్‌ని అనుమానించడానికి ఎవరూ కష్టపడనక్కర్లేదు. చిన్నకోడలంటే పెద్దకోడలికి కడుపుమంట అని వీధిలో అందరికీ తెలుసు. లోయిస్‌కి ఇంకా బాగా తెలుసు.

గ్లోరియా కంప్లి ఊరి నుంచి వచ్చిన పిల్ల. పెళ్ళయి వచ్చిన మొదటి ఆదివారమే మందిరంలో నోరు విప్పింది. అంతే. అన్నేళ్ళుగా లోయిస్ ఎత్తుకుంటున్న పాటను ఆ రోజు నుంచి గ్లోరియా ఎత్తుకోవడం, లోయిస్ వెనక వరుసలో అందుకోవడం మొదలైంది. మొగం కూడా అలాంటిదే. రోజంతా యార్డులో నూటిరవై కూలికి ఖనిజం జల్లెడ పట్టి, తలకి గుడ్డ చుట్టుకుని, ఒళ్ళంతా ఎర్రదుమ్ముతో వచ్చినా ఆ పిల్ల ఏదో పండక్కి తయారైనట్టే ఉండేది. సూపర్‌వైజర్ బసవరాజ్ ఓసారి బండి మీద దింపిపోయాడు. ఆ మర్నాడే యేసుబాబు ఆమెను పని మాన్పించాడు.

వీటన్నిటికంటే లోయిస్‌ని ఎక్కువ కాల్చింది మల్లెపూలు. ఆమె మొగుడు జాబెజ్ ఖనిజం లారీ తోలుకుంటూ ఓడరేవుకి పోతే, చుట్టంలా ఎప్పుడో వచ్చి చుట్టంలా పోతాడు. యేసుబాబు మాత్రం వారంలో రెండుమూడుసార్లు పొట్లంలో మల్లెలు పట్టుకుని పెరటి అవతలి రేకుల గదిలోకి వెళ్ళేవాడు. పొద్దున గ్లోరియా వాడిన మల్లెలతో బయటికొస్తుంటే లోయిస్ అటు చూడకుండా అంట్లు తోమేది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమేది.

తర్వాత దవడ వాచింది. ముందు ఉసిరికాయంత, తర్వాత నిమ్మకాయంత. మొగం ఒకవైపుకి లాగేసింది. కొండ తవ్వినందుకు కొండమ్మ తల్లి ఆగ్రహమన్నారు కొందరు. యార్డు దిష్టన్నారు కొందరు. ఒక నర్సింగ్ హోములో ఎక్స్‌రే ఫోటో తీసి చూసి, దవడ ఎముకలో గడ్డ ఉందనీ సగం దవడ తీసెయ్యాలనీ చెప్పారు. ప్రాణానికి భయం లేదు. మొగం మాత్రం ఒకవైపు కుంగిపోతుంది. మాట తేటగా రాదు.

యేసుబాబు ఒక్క క్షణం ఆలోచించలేదు. "కోసేయండి సార్. నాకు మనిషి ఉంటే చాలు. మొగం యాలప్పా?" అన్నాడు. జ్ఞానకుమారి కొడుకుని పట్టుకుని ఏడ్చింది. ఆ మాట మందిరంలో ప్రసంగానికి కూడా ఎక్కింది. భర్తలారా, మన సహోదరుని చూసి నేర్చుకోండి అన్నారు పాస్టరయ్య.

ఆ రోజు నర్సింగ్ హోము బెంచీ మీద కూర్చున్న లోయిస్ గుండెలో మాత్రం ఏదో తియ్యగా కదిలింది. 'ఇంగ ఇది పాడదు.' అంతే, ఆ ఒక్కమాట. అంతలోనే ఆ తీపికి ఆమెకే వణుకు పుట్టింది. ఇన్నాళ్ళూ తను లోలోపల కోరుకున్నదే ఆ పిల్ల దవడలో గడ్డకట్టిందా? మర్నాడు ఎవరికీ చెప్పకుండా గ్లోరియాని బస్సెక్కించి బళ్ళారి పళ్ళ ఆస్పత్రికి తీసుకుపోయింది. ప్రేమతో కాదు. తన బుద్ధికి తనే భయపడి.

చీటీ రాసే గుమాస్తా "గండన హెసరు?" అని కన్నడంలో అడిగాడు. గ్లోరియా తలొంచుకుంది.

"నీ మొగుని పేరు కేళ్తాండామమ్మా. పేరు లేదా ఆయప్పకి?"

"అక్కా, నువ్వు చెప్పు" అని గ్లోరియా లోయిస్ కొంగు లాగింది.

గుమాస్తా నవ్వాడు. "మీ కిరస్తానం వాళ్ళకి కూడా ఉండాదా ఈ పట్టింపు?"

ఉంది. మొగుడి పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని ఆ వాడలో తాతల కాలం నుంచీ నమ్మకం. సిలువ పట్టుకున్నా అది వదల్లేదు. పాస్టరయ్య దాని మీద రెండు ప్రసంగాలు చేశారు. ఆయన భార్య మాత్రం ఇప్పటికీ ఆయన్ని 'అయ్యగారు' అనే అంటుంది. లోయిస్‌కి మరిది పేరు కాబట్టి ఇబ్బంది లేదు. "యేసుబాబు అని రాయప్పా" అంది.

డాక్టరమ్మ ఫోటోని వెలుగుకి పెట్టి చూపించింది. తెల్లటి ఎముక మధ్య నల్లటి గుంట.

"ఇది కాన్సర్ కాదు. ఎముక లోపల నీళ్ళతిత్తిలాంటి గడ్డ. లోపల్నుంచి తోస్తూ ఎముకని అప్పడంలా పలచన చేస్తుంది. దవడ కోసెయ్యడం ఒక పద్ధతి. ఇంకో పద్ధతి ఉంది. నోటి లోపలి నుంచి గడ్డకి చిన్న కిటికీ పెడతాం. లోపలి నీళ్ళు బయటికి పోతుంటే తోపుడు తగ్గుతుంది. తిత్తి ముడుచుకుంటుంది. ఖాళీ అయిన చోట ఎముక తనంత తనే నిండుతుంది. చివర్లో మిగిలిన తిత్తిని గీకి తీసేస్తాం. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు వచ్చి చూపించుకుంటుండాలి. మొగానికి కత్తి తగలదు."

"ఎన్ని దినాలమ్మా?"

"నెలలు. రోజూ మూడుపూటలా బిరడా తీసి, కిటికీలోంచి ఉప్పునీళ్ళు కొట్టి కడిగి, మళ్ళీ బిరడా పెట్టాలి. ఒక్కపూట కూడా మానకూడదు. ఈ అమ్మాయికి తన నోటి వెనక ఏముందో కనబడదు. ఎవరు చేస్తారు?"

"నేను చేస్తా" అంది లోయిస్.

అలా, ఎవరి గొంతు చూసి కుళ్ళుకుందో ఆ గొంతు ముందు రోజూ మూడుపూటలా కూర్చుంది. నీళ్ళు కాచి, గుడ్డలో వడగట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ నోట్లోకి తొంగిచూస్తూ సిరంజి నొక్కింది. అసూయ పోయిందా అంటే పోలేదు. ఇంట్లో ఒక్క గుడ్డుంటే మెత్తగా ఉడికించి గ్లోరియాకే పెట్టేవాళ్ళు. లోయిస్ కూతురు ఆ పళ్ళెం వంక చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండేది. అయినా నీళ్ళు చల్లారనిచ్చేది కాదు. రెండు నెలల తర్వాత ఫోటో తీస్తే నల్లటి గుంట అంచుల్లో మబ్బులాగా తెలుపు పాకింది. "చూడు, ఎముక వస్తా ఉంది" అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి ఆ మాట లోయిసే గట్టిగా అందరికీ చెప్పింది.

మొదటి బిరడా పోయింది ఆ తర్వాతే.

మూడోది పోయిన ఈ రోజు, తోరణగల్లు దగ్గర లారీల వరసలో బస్సు ఇరుక్కుని, ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. యేసుబాబు కూడా వచ్చాడు. దారంతా గ్లోరియా కొంగు జారకుండా మొగానికి సర్దుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ సన్నటి పుల్లతో రంధ్రాన్ని కొలిచి పెదవి విరిచింది. "సగం కుంచించుకుపోయింది." మందులో ముంచిన గుడ్డపేలికను రంధ్రంలోకి కూరింది. "ఇది సోమవారం దాకా ఆపుతుంది. సోమవారం కొత్త బిరడా ఇస్తాను. నేను చెయ్యగలిగిన చివరిదదే."

పక్కనే ఉన్న కుర్ర డాక్టరు గ్లోరియా గడ్డం పట్టుకుని మొగాన్ని కిటికీ వెలుగువైపు తిప్పాడు. "అయినా వాపు బాగా దిగింది మేడమ్. ఏమ్మా, ఇంకో నాలుగు నెలలు బిరడా కాపాడుకో. నీ పాత మొగం నీకొచ్చేస్తుంది. మీ ఊళ్ళో అందరూ తిరిగి చూస్తారు."

గ్లోరియా సిగ్గుపడి నవ్వబోయింది. లోయిస్ అనుకోకుండా తలుపువైపు చూసింది.

తలుపు దగ్గర యేసుబాబు నిలబడి ఉన్నాడు. అతని కళ్ళు కుర్ర డాక్టరు వేళ్ళ మీద ఉన్నాయి. తర్వాత గ్లోరియా మొగం మీదికి, ఆ సగం నవ్వు మీదికి జరిగాయి. పెదవులు నవ్వుతున్నట్టే ఉన్నాయి. దవడ కండ మాత్రం బిగుసుకుని కదులుతోంది.

ఆ చూపు లోయిస్‌కి కొత్త కాదు. పొద్దున్నే అంట్లు తోముతూ, పక్కన పెట్టిన పళ్ళెంలో తన మొగం చూసుకున్నప్పుడు ఎన్నిసార్లో కనబడిన చూపది. ఇంకెవరూ దాన్ని పోల్చుకోలేరు. మంచి మొగుడని ఊరంతా మెచ్చుకునే మనిషి కళ్ళలో ఉన్నదేమిటో ఆ గదిలో లోయిస్‌కి ఒక్కదానికే తెలిసింది.

"మూత పెట్టిన గిన్నెలోంచి బిరడా దానంతట అది పోదు" అంటోంది డాక్టరమ్మ. "ఇంట్లో ఎవరో తీస్తున్నారు. ఎవరన్నది నాకు అనవసరం. మీకు తెలియాలి. తెలిసేదాకా ఈ అమ్మాయి నోటిని ఎవరి చేతికీ ఇవ్వకండి."

అలా అంటూ ఆమె కూడా లోయిస్ చేతులవైపే చూసింది.

ఇల్లు చేరగానే లోయిస్ అలమరలోంచి గిన్నె తీసింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎర్రటి మడ్డి అడుగున చక్కగా పేరుకుంది.

కాచి, వడగట్టి పోసిన నీళ్ళు. మీద పళ్ళెం. తను సబ్బుతో కడిగిన చేతులతో ముట్టుకుంది. ఇందులోకి ఎరుపెలా వచ్చింది? ఖనిజం అంటిన వేళ్ళు ముంచితే వచ్చింది. పొద్దున ఇంట్లో ఉన్నదెవరు? గ్లోరియా అప్పుడు తనతోపాటే పెరట్లో నోరు పుక్కిలిస్తోంది. అత్త చేతులకి పిండి. ఆమె ముంచి ఉంటే నీళ్ళు తెల్లబడేవి. రాత్రంతా యార్డులో పనిచేసి, చేతులు కూడా కడగకుండా పడుకున్న మనిషి ఒక్కడే. అందుకే అందరికంటే ముందు మోరీలో చేతులు పెట్టాడు. బురదలో ఎరుపు ఎవరికి కనబడుతుంది?

యేసుబాబు చీకటి పడకముందే యార్డుకి వెళ్ళిపోయాడు. జ్ఞానకుమారి పెనం మీద సంస్కారపు రొట్టె కాలుస్తోంది. లోయిస్ గిన్నె తీసుకుపోయి ఆమె ముందు పెట్టింది.

జ్ఞానకుమారి గిన్నెలోకి చూసింది. ఏమిటని అడగలేదు. అడగకపోవడంతోనే లోయిస్‌కి సంగతి అర్థమైంది.

"నీకు ముందే తెల్సు కదత్తా."

ముసలామె రొట్టెని ఒకసారి తిప్పింది. తర్వాత నడుముకి దోపుకున్న ఆకువక్క సంచిలోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది. గులాబిరంగు బిరడా. కొక్కెం లేనిది. రెండోది.

"వాని ప్యాంటు ఉతకతా ఉంటే జేబులో అగుపడె" అంది. "అడగలేదు. అడిగితే వాడు అవునంటాడేమోనని భయమాయ."

"ఇన్ని దినాలూ నన్ను తిడతాండావే!"

"వాడొక్కడే నాకు ఈడుండేది లోయిసూ. పెద్దోడు లారీ ఎక్కినాక నా కొడుకు కాదు, రోడ్డు కొడుకయినాడు. నీకు దాని మీద కుళ్ళుండాదని అందరికీ తెల్సు. నువ్వు రేప్పొద్దు మందిరంలో లేసి నా చెయ్యి జారిందను. ఒక నెల ప్రభు బల్లకి దూరముంటావు, అంతే కదా. వానిది బయటపడితే, పాస్టరయ్య అంత పొగిడినాక, వాడు మొగం యాడ పెట్టుకుంటాడు?"

"అందరి మొగాలూ ఆలోచిస్తాండావు అత్తా. గ్లోరియా మొగం తప్ప."

పెనం మీద రొట్టె మాడు వాసన వేసింది. ఆ వాసనలోంచే గడప దగ్గర నుంచి గొంతొకటి వినబడింది.

"చెప్పొద్దక్కా."

గ్లోరియా ఎప్పుడొచ్చిందో తెలియదు. నోట్లో మందుగుడ్డ ఉండటంతో మాట బొంగురుగా వస్తోంది. లోయిస్ ఆమెని రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"నీకూ తెల్సా?"

"మొదటిది మోరీలో ఏస్తాంటే చూసినా."

"చూసి గమ్మునుండావా? నీ దవడే అది! సగం కోస్తారే!"

"వాపొచ్చినాక కొట్లేదక్కా."

"ఏమంటాండావు?"

"బసవరాజ్ బండి మీద దింపిన దినం మొదలుపెట్టినాడు. అంగట్లో ఎవరన్నా చూస్తే, మందిరంలో నా పాట బాగుండాదని ఎవరన్నా అంటే, ఆ రాత్రి తన్నులే. గదిలో ఏడిస్తే లారీల మోతలో మీకేం ఇనపడ్తాది?" గ్లోరియా రంధ్రం ఉన్న వైపు చెంపని అరచేత్తో పట్టుకుంది. "వాపొచ్చినాక ఎవరూ చూడలేదు. ఆ యప్ప కొట్లేదు. మళ్ళీ మొగమొస్తే మళ్ళీ కొడతాడు. దవడ పోతే పోనీలే అనుకున్నా."

"మరి పూలు? దినమ్మార్చి దినం పూలు తెస్తా ఉండెనే?"

"కొట్టిన మర్నాడు తెచ్చేదక్కా పూలు."

లోయిస్ పెరటి గోడకి ఆనుకుంది. ఎన్ని ఉదయాలు ఆ వాడిన మల్లెల్ని చూసి కుళ్ళుకుంది తను! ఎన్ని గిన్నెలు రెండేసిసార్లు తోమింది! ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నది ఆ దెబ్బలను చూసా? నవ్వొచ్చింది. అంతలోనే ఏడుపొచ్చింది. రెండూ రానివ్వకుండా చన్నీళ్ళతో మొగం కడుక్కుంది.

"నేను చెప్పినా ఎవరూ నమ్మరు" అంది చివరికి. "నా నోటికి ఆ విలువ లేదు. నువ్వే చెప్పల్ల."

గ్లోరియా తల అడ్డంగా ఊపింది. "ఆ యప్ప పేరు నేనెట్ల చెప్పేది?"

ఆదివారం మందిరం నిండిపోయింది. ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు, చాపల మీద. ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల. రొట్టె, ద్రాక్షరసం. రొట్టె ఒక అంచు నల్లగా మాడి ఉంది.

బల్లకి ముందు, సంఘంలో ఎవరికెవరి మీద తప్పుందో చెప్పుకుని సమాధానపడటం అక్కడి ఆచారం. అలా సమాధానపడనివాళ్ళకి ఆ నెల రొట్టె లేదు. సంఘపెద్ద యేసుదానం లేచి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"లోయిస్ సోదరి. లేసి నిలబడమ్మా. ఇంట్లో జరిగింది అందరికీ తెల్సు. దేవుని ముందర చెప్పు. నీ తోటికోడలి మీద నీకు అసూయ ఉండాదా?"

"ఉండాది పెద్దయ్యా" అంది లోయిస్. ఆడవాళ్ళలో గుసగుస. "మొదట్నించీ ఉండాది. ఈ పొద్దు కూడా ఉండాది. దాని గొంతంటే నాకు ఓర్వలేనితనం. కానీ బిరడా నేను తీయలేదు."

"మరి ఎవరు తీసినారు?"

లోయిస్ అత్తని చూసింది. జ్ఞానకుమారి మాడిన రొట్టె వంక చూస్తోంది. గ్లోరియాని చూసింది. గ్లోరియా కొంగు మొగం నిండా కప్పుకుని నేల చూస్తోంది. చెప్పొద్దక్కా అన్న మాట లోయిస్‌కి గుర్తొచ్చింది.

"నేను కాదు. అంతే చెప్తా."

యేసుదానం నిట్టూర్చాడు. పాస్టరయ్యతో ఒకమాట మాట్లాడి తిరిగి నిలబడ్డాడు.

"సరే. ఈ నెల లోయిస్ సోదరికి బల్ల లేదు. ఇంగోమాట. రేపు డాక్టరమ్మ కొత్త బిరడా ఇస్తాదంట, అదే ఆఖరుదంట. అది ఇంగ అసూయ ఉండే చేతుల్లో ఉండకూడదు. రేపట్నుంచి ఆ పాప నోరు కడిగేది, బిరడా దాచిపెట్టేది మన యేసుబాబే చేస్తాడు. కట్టుకున్న మొగుని కంటే నమ్మకమైన చెయ్యి ఏముంటాది?"

"ఆమెన్" అన్నారు ఎవరో వెనకనుంచి.

మగవాళ్ళ వైపు యేసుబాబు లేచాడు. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల, వినయంగా కట్టుకున్న చేతులు. "మీరు చెప్పినట్లే పెద్దయ్యా. నా ప్రాణమడ్డమేసి చూసుకుంటా" అన్నాడు. అతని కళ్ళలో సన్నటి మెరుపు. గెలిచినవాడి మెరుపు. లోయిస్ చూసింది. అదే క్షణంలో కొంగు సందులోంచి గ్లోరియా కూడా చూసింది.

గ్లోరియా లేచింది.

లేచి, మొగం మీది కొంగు తీసి భుజం మీద వేసుకుంది. ఇన్ని నెలల్లో సంఘం ఆ మొగం చూడటం ఇదే మొదలు. వాపు ఇంకా ఉంది. ఒక చెంప పెద్దది, ఒక చెంప చిన్నది. వెనక కూర్చున్న పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"కూసోమ్మా" అన్నాడు యేసుదానం. "నీకు నొప్పి కదా."

"లోయిసక్క తీయలేదు."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

"మరి ఎవరు?"

గ్లోరియా పెదవులు కదిలాయి. "మా... మా ఇంటి..." మందుగుడ్డ అడ్డుపడి మాట చెదిరింది.

"ఎవరమ్మా? ఇంట్లో వాళ్ళా? అట్లంటే ఎట్ల తెలుస్తాది? పేరు చెప్పు."

"ఏయ్, కూసో" అన్నాడు యేసుబాబు. గొంతు మెల్లగానే ఉంది. ఆ మెల్లదనం ఎలాంటిదో గ్లోరియాకి తెలుసు. అయినా కూర్చోలేదు. లోయిస్ నిలబడిన చోటు నుంచి జరిగి వచ్చి ఆమె పక్కన నిలబడింది. ముట్టుకోలేదు. ఊరికే పక్కన నిలబడింది.

"గ్లోరియా!" జ్ఞానకుమారి రెండు చేతులూ జోడించింది. "వద్దు తల్లీ. మొగుని పేరు... వాని ఆయుష్షు..."

ఆ ముసలామె ఏం బయటపెట్టిందో ఆమెకి తప్ప అందరికీ అర్థమైంది. యేసుదానం కళ్ళద్దాలు తీసేశాడు. అయినా ఎవరూ ఆ పేరు అనలేదు. అందరూ గ్లోరియా వైపే చూస్తున్నారు.

గ్లోరియా కుడిచెంపని అరచేత్తో అదిమి పట్టుకుంది. మందుగుడ్డ కదలకుండా ఆపుకుంది. పాట ఎత్తుకునేముందు పీల్చినట్టు నిండా ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి లోయిస్‌కి తెలుసు. దాని వెనక రాబోయే గొంతు ఎంత తేటగా ఉంటుందో తెలుసు. ఆ గొంతు మీద ఆమెకి మళ్ళీ అసూయ పుట్టింది. ఈసారి దానికి భయపడలేదు.

"యేసుబాబు" అంది గ్లోరియా.